పదకొండడుగుల దగ్గర సుద్దగీత

షూటింగ్ ఆవరణ, మూడో షెడ్డు
సోమవారం

బావా,

ఫోన్లో నా మాట వింటే రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టుంటుందని కిందటి నెల ఫోను అక్క చేతిలో పెట్టి లేచిపోయావట. చెవులు నీవి, తప్పు నా గొంతుది. సరేలే, ఇక్కడ ఎలాగూ గేటు దగ్గరే ఫోన్లు లాక్కుని సంచిలో వేసుకుంటున్నారు, సినిమా రహస్యాలు బయటికి పోతాయని. అందుకని ఈ ఉత్తరం. చేతిరాత చూసి నవ్వకు. ఏడో తరగతి దాటేసరికి బడికి నేనూ, నాకు బడీ విసిగిపోయాం, ఆ సంగతి నీకు తెలిసిందే.

పని సంగతి చెబుతాను. ఇరవై ఏడేళ్ల కిందట మనం పనిచేసిన సినిమా ఉంది కదా, నువ్వు సెట్టు వడ్రంగివి, నేను సామాన్లు మోసేవాణ్ణి, అది ఎలా తీశారనేదాన్ని ఇప్పుడు వీళ్లు సినిమాగా తీస్తున్నారు. కథ కాదు బావా, కథ తీసిన కథ. అప్పటివాళ్లలో కొందరు పోయారు, కొందరు మంచం దిగరు. మెట్లెక్కగలిగి, నోరు పనిచేసేవాడు నేనొక్కడినే మిగిలానని నన్ను పిలిచారు. నా ఉద్యోగం పేరు సలహాదారు. మెడలో అట్టముక్క వేలాడదీశారు. అందరూ 'పాతమనిషి' అంటారు. నాకు యాభై ఒకటే అని ఎవరికి చెప్పుకోను.

వీళ్ల వేషాలు చూస్తే నువ్వు నవ్వు ఆపుకోలేవు. అప్పుడు మనం అట్టతో గోడ కట్టి ఇటుక గోడలా రంగు వేశాం. ఇప్పుడు వీళ్లు ఇటుకతో నిజం గోడ కట్టి, అట్టగోడలా కనపడాలని రంగు వేస్తున్నారు. కెమెరాలు రెండు. ఒకటి అప్పటి కెమెరాలా కనపడే బొమ్మ, రెండోది ఆ బొమ్మని తీసే నిజం కెమెరా. మొదటి రోజు నేను బొమ్మ ముందు నిలబడి పావుగంట జుట్టు దువ్వుకున్నాను.

నీ వేషం వేసేవాడు ఆరడుగులు ఉంటాడు. నువ్వు అతని భుజం దాకా వస్తావేమో, అది కూడా స్టూలెక్కితే. పాపం బుద్ధిమంతుడు. మీ బావగారు పనిచేసేటప్పుడు ప్రత్యేకంగా ఏమైనా చేసేవారా అని పుస్తకం పట్టుకుని అడిగాడు. ప్రతి మేకు కొట్టే ముందు ఒకసారి తుమ్మేవాడని చెప్పాను. రెండు రోజులుగా మూల నిలబడి తుమ్ము సాధన చేస్తున్నాడు. నా మీద ఒట్టు, నాలుగు రకాల తుమ్ములు తయారుచేశాడు.

ఒక్క విషయం మాత్రం నాకు మండుతోంది. నూట నలభై పేజీల కథలో నేను లేను. టీ ఇచ్చేవాడికి కూడా ఒక మాటుంది, నాకు లేదు. రాసే అమ్మాయిని నిలదీశాను. కళ్లజోడు సర్దుకుని, 'ఆ సినిమాలో మీరేం చేశారు సార్?' అంది. సామాన్లు మోశానన్నాను. 'అది కాదు, కథలోకి వచ్చేలాగా ఏం చేశారు?' అంది. ఏదో అనేసి వచ్చేశాను.

పెన్సిలు నువ్వు ఏ చెవి వెనక పెట్టేవాడివో రాయి, వీళ్లకి కావాలట. అక్కకి చెప్పు, బాగానే తింటున్నానని.

నీ బావమరిది

*

తలుపుల కొట్టు
శుక్రవారం

బావమరిదికి,

ఉత్తరం అందింది. పెన్సిలు ఎడమ చెవి వెనక. కుడి చేత్తో టేపు పట్టుకుంటే తీసుకోవడానికి అదే వీలు. పెన్సిలు గుండ్రంగా కాదు, పలకలుగా ఉంటుంది. గుండ్రటిది దొర్లిపోతుంది.

నేను తుమ్మను. ఆ అబ్బాయికి చెప్పి మాన్పించు. పని నేర్చుకునేవాణ్ణి ఆటపట్టించడం నీకు అప్పుడూ సరదానే. వయసొచ్చినా తగ్గలేదు.

ఇక్కడ అందరం బాగున్నాం. బడి వాళ్లవి పన్నెండు కిటికీలు చేస్తున్నాను. మీ అక్కకి మోకాలు నొప్పి కొంచెం తగ్గింది. అమ్మాయి నీ ఉత్తరం చదివి తన ల్యాబులో అందరికీ చెప్పుకుందట, మా నాన్న సినిమాలో ఉన్నాడని. రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్లకి కూడా చెబుతోందని మీ అక్క అంటోంది. నేను ఒకప్పుడు సినిమాల్లో పనిచేశానని దానికి తెలుసు. ఎందుకు మానేశానో మేము చెప్పలేదు.

నువ్వు గోడల గురించి రాశావు, కెమెరాల గురించి రాశావు. ఆ రోజు సంగతి రాయలేదు. డాబా మీంచి దూకే సీను ఈ కొత్త సినిమాలో ఉందా లేదా? ఉంటే ఏం చూపిస్తున్నారు? కాగితాలు నీ చేతికి అందుతాయి కదా, చూసి ఉన్నది ఉన్నట్టు రాయి.

బావ

*

మూడో షెడ్డు
పైన డాబా కట్టడం మొదలైన రోజు

బావా,

జవాబు ఆలస్యమైంది. పని ఎక్కువ అని రాద్దామనుకున్నాను, కానీ నా పనేమిటో నీకు తెలుసు. కుర్చీలో కూర్చుని 'అలా కాదు' అనడం.

తుమ్ము మాన్పించాను. ఆ అబ్బాయి నా మీద అలిగి ఒకపూట మాట్లాడలేదు, తర్వాత తనే వచ్చి, నిజంగా మీ బావగారెలా ఉండేవారో చెప్పండి సార్ అన్నాడు. చెప్పాను. మాట తక్కువ, కొలత ఎక్కువ అన్నాను. అన్నం ముందు కూర్చున్నా కంచం గోడకి ఎంత దూరముందో చూసేవాడని చెప్పాను. ఇది అబద్ధం కాదు.

సరే, నువ్వడిగింది. దూకే సీను ఉంది. దానికోసమే ఈ సినిమా తీస్తున్నారేమో అనిపిస్తోంది. అప్పటి వీధి, అప్పటి డాబా మళ్లీ కడుతున్నారు. ఆ రెండు పేజీలు నేను చదివాను. కూడబలుక్కుని రెండుసార్లు చదివాను, తప్పు చదివానేమోనని.

నిన్ను తాగినట్టు చూపిస్తున్నారు.

సీనులో నీ చెక్కపెట్టెలో సీసా ఉంటుంది. డాబా అంచున దూకే చోటుకి గుర్తుగా గీత గీస్తుంటే నీ చెయ్యి వణుకుతుంది. తర్వాత డూపు దూకుతాడు, కాలు విరుగుతుంది, నువ్వు మోకాళ్ల మీద కూలబడతావు. అక్కడ పాట.

నేను ఊరుకోలేదు బావా. మా బావ దగ్గు మందే సగం చెంచా తాగి ఘాటుగా ఉందని పారబోసే మనిషి అన్నాను. రాసే అమ్మాయి, అప్పటి మేనేజరు చెప్పాడు సార్ అంది. ఆ మేనేజరు ఆ రోజు ఊళ్లోనే లేడు, మామిడి రంగు కారేసుకుని ఎవరికో పిల్లని చూడ్డానికి పోయాడని చెప్పాను. అమ్మాయి మంచిదే, మొండిది కాదు. కొట్టేస్తాను అంది. తర్వాత ఒక్క మాటంది. 'కొట్టేస్తే, గీత ఎందుకు తప్పిందో నాకు ఇంకో కారణం కావాలి సార్. అంత కచ్చితమైన మనిషి గీత మూడడుగులు పక్కకి ఎలా గీస్తాడు? చూసేవాళ్లు అడుగుతారు.'

ఆలోచించి చెబుతానన్నాను. ఆ సీను తీయడానికి ఇంకా ఐదు వారాలుంది.

అక్కకి ఇదేమీ చెప్పకు.

నీ బావమరిది

*

తలుపుల కొట్టు
సోమవారం

బావమరిదికి,

నీ ఉత్తరం నేను చూసేలోపే అమ్మాయి తీసి చదివింది. నేను కొట్టు మూసి ఇంటికెళ్లేసరికి బల్ల మీద ఉంది. 'నువ్వు తాగేవాడివా నాన్నా' అని అడగలేదు. అడిగితే లేదని చెప్పేవాణ్ణి. అడగకుండా నా వైపు చూసి తన గదిలోకి వెళ్లింది. ల్యాబులో ఇప్పుడు ఎవరికీ ఏమీ చెప్పడం లేదు. మీ అక్క రెండు రోజులుగా గిన్నెలు గట్టిగా పెడుతోంది. సరిగ్గా వినపడని నాకే వినపడుతోందంటే ఎంత గట్టిగా పెడుతోందో చూసుకో.

ఆ కథ రాసే అమ్మాయికి కారణం కావాలి కదా. ఇది రాసిస్తున్నాను. ఈ కాగితం ఉన్నదున్నట్టు ఆమె చేతికివ్వు. నీ మాటలు కలపకు.

అది రెండంతస్తుల పాత ఇల్లు. డాబాకి పిట్టగోడ లేదు. హీరో బదులు డూపు పరుగెత్తుకొచ్చి అంచు మీంచి కిందికి దూకాలి. కింద గోడ పక్కన అట్టపెట్టెలు పేర్చి, పైన పరుపులు వేసి, గుడ్డ కప్పాం. పెట్టెల కుప్ప వెడల్పు ఆరడుగులు. పరుగెత్తేవాడికి అది అంచు దాకా వస్తేగానీ కనపడదు. కాబట్టి అంచు మీద సుద్దతో గీత గీస్తాం. డూపు కిందికి చూడడు, గీతని చూసి దూకుతాడు. గీత గీసేవాడి మాట మీద దూకుతాడన్నమాట. అది నా పని.

డాబా మూల నుంచి కుప్ప మధ్యకి పదకొండడుగులు. కింద కొలిచాను, పైన కొలిచాను. గీత పదకొండు దగ్గర గీశాననే నా లెక్క. పడిన తర్వాత, డూపుని బండిలో ఎక్కించిన తర్వాత, డైరెక్టరు అందరి ముందూ నా టేపుతోనే కొలిపించాడు. ఎనిమిది దగ్గరుంది. గీత చివర నేను చిన్న కొక్కెం పెడతాను, ఎటునుంచి కొలిచానో తెలియడానికి. ఆ కొక్కెం కూడా ఉంది. నాది కాదని ఎలా అంటాను. నాదే అన్నాను. పని మానేశాను.

ఎలా తప్పిందంటే, నాకు తెలిసినంతలో ఇదీ కారణం. అంతకు రెండు రోజుల ముందు అమ్మాయి పుట్టింది. మీ అక్క ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. ఆ పొద్దున ఆసుపత్రి నుంచి నేరుగా పనికి వచ్చాను. డాబా మీద టేపు లాగుతున్నప్పుడు నా బుర్రలో పిల్ల ఉంది. దాని వేళ్లున్నాయి. అంకె తప్పు చదివి ఉంటాను. తాగలేదు. తాగినవాడికైతే ఒక సాకుంటుంది.

కారణం ఇది. దీన్ని వాడుకోమను. అమ్మాయి సినిమా చూసినప్పుడు కనీసం తండ్రి చేతిలో సీసా ఉండదు.

బావ

*

మూడో షెడ్డు
గురువారం

బావా,

నీ కాగితం ఆ అమ్మాయికి ఇవ్వలేదు. నా జేబులోనే ఉంది. తిట్టకు, ముందు చదువు.

నిన్న డూపుని పిలిపించారు. కొత్త డూపుకి నాలుగు మాటలు చెబుతాడని. ఎప్పుడో ఆసుపత్రిలో చూసిన మనిషి. కర్ర పట్టుకుని, తన దిండు తనే చంకలో పెట్టుకుని వచ్చాడు. ఏ కుర్చీలో కూర్చున్నా ఆ దిండుండాలట, తుంటి దగ్గర. నేను కుర్చీ వేశాను. నన్ను గుర్తుపట్టాడు. 'జోరీగవి కదూ' అన్నాడు. అప్పట్లో నన్ను అందరూ అదే అనేవాళ్లు, చెవి దగ్గర చేరి గోల పెడతానని.

'మీ బావ ఎలా ఉన్నారు?' అన్నాడు.

'బాగానే ఉన్నాడు. తలుపులు చేస్తున్నాడు.'

'నేను ఆసుపత్రిలో ఉండగా ఆరుసార్లు వచ్చారు. మాట్లాడేవారు కాదు. గది ఈ మూల నుంచి ఆ మూలకి చూపుతో కొలుచుకుంటూ నిలబడేవారు. ఆయన వెళ్లాక నేను మా ఆవిడతో అనేవాణ్ణి, కాలు విరిగింది నాకు, నొప్పి ఆయనకి అని.' దిండు సర్దుకుని, 'ఈ పిల్లలు ఆయన చేతిలో సీసా పెట్టారట. చదివి చెప్పారు. నాకు నచ్చలేదు. ఆయన గీత మీద నేను పందొమ్మిదిసార్లు దూకాను. పద్దెనిమిదిసార్లు పరుపు నడుమ పడ్డాను. నువ్వు సలహాదారువట కదా. ఏదో ఒక సలహా ఇవ్వవయ్యా' అన్నాడు.

నేను జోకొకటి వేయబోయాను బావా. నోరు తెరిచాను కూడా. ఏమీ రాలేదు. యాభై ఒక్క ఏళ్లలో అలా ఎప్పుడూ జరగలేదు.

గీత నువ్వు సరిగ్గానే గీశావు. పదకొండు దగ్గరే ఉంది. నేను చెరిపాను.

ఎలాగో చెబుతాను. నీ గీతలు చెరిపి పక్కన గీయడం నాకప్పుడు ఆట. ఆ సినిమాలోనే నాలుగుసార్లు చేశాను. కుర్చీ గుర్తు జరిపితే నువ్వొచ్చి టేపు పెట్టి, మొహం ముడుచుకుని, మళ్లీ కొలిచి, నీలో నువ్వు గొణుక్కునేవాడివి. మేము మూల నక్కి నవ్వి చచ్చేవాళ్లం. నువ్వు ఒక్కసారీ పక్కవాణ్ణి అనుమానించలేదు. అదే మాకు సరదా. ఆ రోజు నువ్వు కింద పెట్టెలు చూడ్డానికి దిగావు. నేను బూటుతో గీత తుడిచి, నీ సుద్దముక్కతోనే మూడడుగులు ఇవతల గీశాను. కొక్కెం కూడా పెట్టాను. బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

ఎప్పుడూ ముందు రిహార్సల్ ఉండేది కదా. డూపు మెల్లగా నడిచొచ్చి అంచు దగ్గర వంగి చూసుకునేవాడు, నువ్వు టేపు పట్టుకుని పక్కన ఉండేవాడివి. అప్పుడు బయటపడుతుంది, నువ్వు నెత్తి గోక్కుంటావు, అందరం నవ్వుతాం అనుకున్నాను. ఈలోపు నన్ను హీరో రెండో జత బూట్లు తెమ్మని బండి దగ్గరికి పంపారు. అక్కడ బూట్లు దొరక్క వెతుకుతున్నాను. మబ్బు పట్టింది, వెలుతురు పోతోందని డైరెక్టరు రిహార్సల్ మాని నేరుగా టేకుకి వెళ్లాడట. నేను బూట్లు పట్టుకుని వచ్చేసరికి జనం పరుగెడుతున్నారు.

నువ్వు 'నాదే' అన్నప్పుడు నేను నీకు నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ఆ బూట్లు ఇంకా నా చేతిలోనే ఉన్నాయి. ఇప్పుడు చెబుదాం, ఇప్పుడు చెబుదాం అనుకుంటుండగా నువ్వే ఒప్పేసుకున్నావు. ఒప్పుకున్నాడు కదా, ఇంక నేనెందుకు అనుకున్నాను. రేపు చెబుదామనుకున్నాను. అక్క పిల్లని తీసుకుని ఇంటికి రానీ అనుకున్నాను. ఒక నెలయ్యాక చెబితే, నెల ఎందుకు ఆగావంటారని మానేశాను. అలా ఇరవై ఏడేళ్లు. నీ ఇంట్లో ఎన్నిసార్లు తిన్నానో నాకే లెక్క లేదు.

నువ్వు అంకె తప్పు చదవలేదు బావా.

ఇక్కడ ఇంకా ఎవరికీ చెప్పలేదు. ముందు నీకు చెప్పాలి కదా. నువ్వేం చేయమంటే అది చేస్తాను. ఆ సీను వచ్చే నెల పదకొండో తారీకున తీస్తారు. ఈలోపు రాయి.

నీ బావమరిది

*

మూడో షెడ్డు
పన్నెండో తారీకు

బావా,

నీ జవాబు రాలేదు. రోజూ గేటు దగ్గరికి వెళ్లి ఉత్తరాల పెట్టె చూసొచ్చాను. కాపలావాడు ప్రేమ వ్యవహారమనుకుని నన్ను చూసి కన్ను గీటడం మొదలుపెట్టాడు.

రాకపోయేసరికి, చెప్పొద్దని కూడా నువ్వు అనలేదు కదా అని, ఎనిమిదో తారీకున పొద్దున చెప్పేశాను. డైరెక్టరు, రాసే అమ్మాయి, నీ వేషం అబ్బాయి, లైట్లవాళ్లు, అందరూ ఉండగా. డూపు కూడా ఉన్నాడు, దిండు మీద. విడిగా చెబితే మళ్లీ ఏదో ఒక సందులోంచి జారుకుంటానని నాకు నా మీద అనుమానం.

తర్వాత రాసే అమ్మాయి, 'ఇది చాలా బాగుంది సార్' అంది. పాపం చెడ్డ ఉద్దేశంతో కాదు. నెలరోజులుగా వెతుకుతున్న కారణం దొరికింది కదా, కళ్లు మెరిశాయి. 'ఏంటమ్మా బాగుండేది' అన్నాను. ఆమె పెన్ను మూసేసింది.

డూపు నన్ను చూడలేదు. తన దిండు తీసుకున్నాడు, కర్ర ఊనుకుంటూ కారెక్కి వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. పదో తారీకున వచ్చాడు. నేను కుర్చీ వేయబోతే వద్దన్నాడు, తనే వేసుకున్నాడు.

'మీ బావకి ముందు రాశావా?' అన్నాడు.

'రాశాను.'

'ఏమన్నారు?'

'జవాబు లేదు.'

'నేనూ ఇవ్వను' అన్నాడు. అంతే. నేను నిలబడే ఉన్నాను. కర్ర పక్కన ఆనించి, 'రేపు ఆ సీను సరిగ్గా చేయించు. నేను ఇక్కడ కూర్చుని చూస్తాను' అన్నాడు.

కథలో నాకు చోటు దొరికింది బావా. నా వేషానికి ఒక కుర్రనటుణ్ణి తెచ్చారు, సన్నగా, కోతిలా చురుగ్గా ఉన్నాడు. నిన్న పొద్దున్నే డాబా ఎక్కించారు. గీత ఎలా చెరపాలో చూపించమన్నారు. నేను బూటుతో చూపించాను. ఆ అబ్బాయి చెరిపాడు. నేను సుద్దముక్క తీసుకుని మూడడుగులు ఇవతల గీశాను, కొక్కెం పెట్టాను. ఆ అబ్బాయి గీశాడు. అప్పుడు అడిగాడు, 'సార్, ఇది చేసేటప్పుడు నా మొహం ఎలా ఉండాలి? భయంగానా, దొంగచూపులా?' అని.

'నవ్వుతూ' అన్నాను.

'నవ్వుతూనా?' అన్నాడు. డైరెక్టరు కూడా నా వైపు తిరిగాడు. సీను తేలిపోతుందేమో సార్ అన్నాడు.

'నవ్వుతూనే' అన్నాను. పెదవి బిగబట్టుకుని, భుజాలు ఊగుతుండగా నవ్వాలి, ఎవరైనా వింటారేమోనని. అలాగే ఉండేది.

తొమ్మిదిసార్లు తీశారు. తొమ్మిదిసార్లూ గీతని మళ్లీ పదకొండు దగ్గర గీసి పెట్టింది నీ వేషం అబ్బాయి. కొలిచి గీశాడు, బాగానే నేర్చుకున్నాడు. తొమ్మిదిసార్లూ ఆ కుర్రాడు చెరిపాడు. డూపు మొత్తం చూశాడు. సీసా కథలోంచి పోయింది. నువ్వు మోకాళ్ల మీద పడటమూ పోయింది, నువ్వలా పడలేదని నేను చెప్పాను. నిలబడి 'నాదే' అంటావు, అంతే. పాట కూడా తీసేశారు.

నువ్వు ఆ అమ్మాయికి రాసిన కాగితం ఇందులో పెట్టి పంపుతున్నాను. అది తప్పు కాగితం. నీ దగ్గరుంచుకో, లేదా చించెయ్.

నీ బావమరిది

*

తలుపుల కొట్టు
బుధవారం

సంబోధన ఏం రాయాలో తేలక పై గీత ఖాళీగా వదిలేశాను.

నీ రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది వచ్చిన రోజు కొట్లోనే నిలబడి చదివాను. పెట్టెలో పెట్టి తాళం వేశాను. బడి కిటికీలు పూర్తిచేసి బిగించి వచ్చాను. జవాబు రాయకపోవడం కావాలనే. రాస్తే ఏం రాస్తానో నాకు తెలియలేదు.

కోపం ఉంది. ఎప్పుడు పోతుందో తెలియదు. పోతుందని మాట ఇవ్వను.

డూపు కాలు పాడైంది, నా పని పోయింది. ఆ రెండూ నీకు తెలుసు. మూడోది నీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను.

పిల్లని తలుచుకుంటూ అంకె తప్పు చదివానని నాకు నేను తీర్పు చెప్పుకున్నాను. ఆ సాయంత్రం ఆసుపత్రికి వెళ్లి దాన్ని ఎత్తుకోబోతే, అదే ఆసుపత్రి కింది అంతస్తులో డూపు ఉన్నాడు. ఎత్తుకున్నాను, ఎత్తుకోలేదని కాదు. బడికి తీసుకెళ్లాను, జ్వరమొస్తే పక్కన కూర్చున్నాను. కానీ దాన్ని చూసి ముచ్చటపడ్డ ప్రతిసారీ, ఇదిగో ఈ ముచ్చటే ఒక మనిషి కాలు విరగ్గొట్టింది అని గుర్తొచ్చేది. వెంటనే వేరే వైపు చూసేవాణ్ణి. దాని పుట్టినరోజుకి ఒక్క ఏడూ కొట్టు మూయలేదు. ఇంకో గంట ఎక్కువే పనిచేశాను.

మొన్న శనివారం దాన్ని కొట్టుకి రమ్మన్నాను. నీ ఉత్తరాలు రెండూ చేతికిచ్చాను. చెక్క దిమ్మ మీద కూర్చుని చదివింది. నువ్వు తిరిగి పంపిన నా కాగితం కూడా చదివింది. తాగలేదన్నమాట అంటుందనుకున్నాను. అది అనలేదు.

'అంటే నా పుట్టినరోజుకి నువ్వు ఇంట్లో ఉండనిది ఇందుకా నాన్నా?' అంది.

'అవును.'

'నేను పుట్టడం నీకు ఇష్టం లేదేమో అనుకున్నాను' అంది. అన్నం అయిందా అని అడిగినట్టు మామూలుగా అంది. ఏ వయసు నుంచి అలా అనుకుందో నేను అడగలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

దాని వేళ్లు అప్పుడెలా ఉండేవో చెప్పాను. చెప్పడం అదే మొదటిసారి. ఇద్దరం కొట్టు కట్టేసి ఇంటికి నడిచి వెళ్లాం.

మీ అక్కకి మేము చెప్పలేదు. మొగుడు తప్పు చేశాడని ఇరవై ఏడేళ్లు నాతోపాటు మోసింది, ఒక్కరోజు కూడా ఎత్తిపొడవలేదు. తమ్ముడొస్తే ముందు నీకు వడ్డించి తర్వాత నాకు వడ్డించేది. ఆమెకి ఈ సంగతి కాగితం మీద పంపడానికి వీల్లేదు. అది నీ నోటితో వినాలి. నేను పక్కన ఉంటాను, ఒక్క ముక్క కలపను. ఆమె ఏమంటే అది నిలబడి పడాలి. మధ్యలో నవ్వించడానికి చూడకు.

ఆదివారం పొద్దుటి బండికి రా. స్టేషనుకి నేను రాను. ఇల్లు నీకు తెలుసు.

బావ